ఆస్తమా ఉన్న పిల్లలకు ఇన్‌హేలర్ ఇచ్చే ముందు

ముందు చేతిలో ఉన్నది ఏ మందో పేరు చదవండి. సాల్బుటమాల్ ఆయాసం వచ్చినప్పుడు వాడేది. దానివల్ల కాసేపు చేతులు వణకొచ్చు, గుండె దడగా ఉండొచ్చు; సాధారణంగా అవే తగ్గిపోతాయి. బుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్ రోజూ వాడేది.

• స్ప్రే ఇన్‌హేలర్‌ని బాగా ఊపి, స్పేసర్‌తోనే (ఇన్‌హేలర్‌కి బిగించి మందు పీల్చే గొట్టం) ఇవ్వండి. స్పేసర్ లేకపోతే మందు చాలావరకు నోట్లో, గొంతులోనే పడుతుంది. స్టెరాయిడ్ అలా పడితే గొంతు బొంగురుపోవచ్చు, నోట్లో తెల్లపూత రావచ్చు.

• నీళ్ల గ్లాసు పక్కనే పెట్టుకోండి. స్టెరాయిడ్ పీల్చాక పుక్కిలించి ఉమ్మేయాలి. మాస్కుతో మందు ఇచ్చే చిన్నపిల్లలకు ముఖం కూడా కడగండి.

• కడిగిన స్పేసర్‌ని గుడ్డతో తుడవొద్దు, గాలికి ఆరనివ్వండి.

ఎత్తు పెరగరేమోనన్న టెన్షన్ చాలామంది తల్లిదండ్రులకు ఉంటుంది. స్టెరాయిడ్ రోజూ వాడితే మొదటి ఏడాదిలో పెరుగుదల కొద్దిగా, సుమారు అర సెంటీమీటరు, తగ్గొచ్చు. అదుపులో లేని ఆస్తమా కూడా ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ప్రాణం మీదకూ తెస్తుంది. అందుకే భయపడి మందు మీ అంతట మీరు ఆపకండి. ఎత్తు క్రమంగా కొలిపిస్తూ, డోసు తగ్గించే వీలుందేమో డాక్టరుగారిని అడగండి.

మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.