తోట పనికి వెళ్లే కుర్రాళ్లకు దెబ్బ తగలకుండా చూసుకోవడం ఎలా?

నెల్లూరులోనో ఒంగోలులోనో ఇళ్ల ముందు తోటలు, అపార్ట్‌మెంట్ల లాన్లు చూసే పని మొదలుపెట్టారనుకుందాం. ఒక గడ్డి కోసే మిషన్, ఒక స్ప్రేయరు, ఒక నిచ్చెన, ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు. ఇంత చిన్న పనికి సేఫ్టీ ఏమిటి, అదంతా ఫ్యాక్టరీల గోల కదా అనిపిస్తుంది. కానీ బ్లేడు, పెట్రోలు, కరెంటు, పురుగుమందు, పాము, ఎండ అన్నీ ఒకే రోజు ఒకే మనిషికి ఎదురయ్యే పని ఇది. అదీగాక దెబ్బలు తగిలేది చాలావరకు "రెండు నిమిషాల పనేలే అన్నా" అన్నప్పుడే.

1. మిషన్ దించకముందే ఒక చుట్టు తిరగండి

ఇంటివాళ్లు గేటు తీయగానే పని మొదలుపెట్టొద్దు. చేతిలో ఒక కర్ర పట్టుకుని తోటంతా నడవండి. గడ్డిలో రాళ్లు, సీసా పెంకులు, ఇనప తీగ ముక్కలు ఉంటే ఏరి పారేయండి. లాన్‌లో లైట్లకు వేసిన వైరు ఎటు పోతోందో, మోటారు స్విచ్చి ఎక్కడుందో ఇంటివాళ్లను అడగండి. తల పైకెత్తి కరెంటు తీగలు చూడండి. చూరు కింద, గుబురు కొమ్మల్లో కందిరీగల తుట్టె ఉందేమో చూడండి.

మన ఊళ్లలో ఇంకోటి ఉంది. కొత్త లేఅవుట్లలో తోట పక్కనే ఖాళీ ప్లాటు, దాన్నిండా చిల్లకంప. ఆ ముల్లు హవాయి చెప్పును ఇట్టే దాటి కాల్లో దిగుతుంది. అందుకే మందం అడుగున్న బూట్లు లేకుండా ఎవరినీ పనిలోకి దించొద్దు. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎవరెవరు ఎప్పుడు వేయించుకున్నారో ఒక పుస్తకంలో రాసి పెట్టండి.

2. గడ్డి కోసే మిషన్ దగ్గర మొండిగా ఉండండి

ఈ ఒక్క విషయంలో మీకు చాదస్తమని పేరొచ్చినా పరవాలేదు. ముందుగా మెడలో కండువా తీయించండి. చెమట తుడుచుకోడానికి అందరూ వేసుకునేదే, కానీ తిరిగే భాగానికి చుట్టుకుంటే మనిషిని లాగేస్తుంది. తలకు బిగించి కట్టుకోమనండి. లుంగీ వద్దు, ప్యాంటే.

కళ్లద్దాలు తప్పనిసరి. మామూలు చలవ కళ్లద్దాలు సరిపోవు, పక్కల నుంచి కూడా మూసి ఉండేవి కావాలి. గడ్డి కోయడానికి మిషన్‌కు బిగించే నైలాన్ దారానికి తగిలిన చిన్న రాయి కూడా బుల్లెట్‌లా ఎగిరొస్తుంది. కోసేవాడికి 15 మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదు. పిల్లలు ఆడుకుంటుంటే లోపలికి పంపమని ఇంటివాళ్లకు చెప్పండి, మొహమాటపడొద్దు. చెవులకు ఇయర్ మఫ్‌లు కూడా పెట్టించండి. ఆ మోత రోజూ వింటే కొన్నేళ్లకు చెవుడు వస్తుంది.

బ్లేడు మీదుండే గార్డు "అడ్డంగా ఉంది" అని ఊడదీసేవాళ్లు చాలామంది. అలా ఊడదీసిన మిషన్‌ను పనికి పంపొద్దు. గడ్డి చుట్టుకుని ఆగిపోతే ఇంజిన్ ఆపి, ప్లగ్ క్యాప్ పీకేసి, బ్లేడు తిరగడం పూర్తిగా ఆగాకే చెయ్యి పెట్టాలి. పెట్రోలు పోసేటప్పుడు ఇంజిన్ చల్లారనివ్వండి. ఆ దగ్గర్లో బీడీ, సిగరెట్ వెలగకూడదు. కరెంటుతో నడిచే మిషనైతే తడి గడ్డి మీద వాడొద్దు. దానికి కరెంటు తీసుకునే లైనుకు 30 మిల్లీయాంపుల ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) ఉండాలి.

3. ఎత్తు మీద పని

నిచ్చెన నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున గోడకు ఎడంగా నిలబెట్టాలి, కింద ఒకరు పట్టుకోవాలి. కొబ్బరిచెట్టు ఎక్కమని తోట పని కుర్రాడికి చెప్పొద్దు. అది వచ్చినవాళ్లే ఎక్కాలి. మామిడికాయలు కోసే దోటికి ఇనప పైపు, అల్యూమినియం పైపు వాడకండి. తీగకు ఆనిందంటే చేతికి కరెంటే. వెదురు దోటి కూడా తడిగా ఉంటే నమ్మొద్దు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి గాలివానల తర్వాత పడిన చెట్లు తీయమని ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి. కొమ్మల్లో తీగ చిక్కుకుని ఉంటే 1912కి ఫోన్ చేసి, లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపానని చెప్పేదాకా చెట్టును ముట్టుకోవద్దు. ఇంటాయన ఎంత తొందరపెట్టినా సరే.

4. పురుగుమందు కొట్టే రోజు

డబ్బా మీద త్రికోణం రంగు చూడండి: ఎరుపైతే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఇంటి తోటకు ఎరుపు త్రికోణం మందు తేవడం అనవసరం. వేపనూనెతో పోయే పేనుబంకకు అంత విషం దేనికి?

మందు కలిపేటప్పుడే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే అప్పుడది చిక్కగా ఉంటుంది. పొడుగు రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు, లేబుల్ మీద చెప్పిన మాస్కు వేసుకునే కలపాలి. ముక్కుకు కర్చీఫ్ కడితే మందు ఆవిరి ఆగదు. గాలి వీపు వైపు నుంచి వీచేలా నిలబడండి. మన దగ్గర వేసవిలో పొద్దున పడమటి గాలి, మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి, కాబట్టి మధ్యలో దిక్కు మారిపోతుంది. గమనిస్తూ ఉండండి. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదొద్దు. మిగిలిన మందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచొద్దు.

కొట్టాక తలతో సహా స్నానం చేయాలి, ఆ బట్టలు విడిగా ఉతకాలి. చెమటలు, వాంతులు, చొంగ, చూపు మసకబారడం కనిపిస్తే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మందు డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి. డాక్టరుకు ఆ లేబులే ఆధారం.

5. ఎండ

రోహిణి కార్తెలో పని వేళలు మార్చాల్సిందే. పొద్దున 6కి మొదలుపెట్టి పదింటికల్లా ఆపి, మళ్లీ సాయంత్రం 4 తర్వాత. ఈ మాట బేరం కుదుర్చుకునేటప్పుడే ఇంటివాళ్లకు చెప్పేయండి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు, మజ్జిగ, అంబలి తాగిస్తూ ఉండండి. కొత్తగా చేరినవాడికి మొదటి వారం తేలిక పని ఇవ్వండి. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, తూలి పడినా వడదెబ్బే అనుకోండి. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహలో లేనివాడి నోట్లో నీళ్లు పోయకండి.

6. పాము

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు. అప్పుడు కుండీల కింద, రాలిన ఆకుల కుప్పల్లో పాములు చేరతాయి. ఆకులు చేత్తో ఎత్తకుండా పారతో లాగండి. కాటు పడితే తాడు బిగించి కట్టడం, కోయడం, మంత్రం వేయించడం ఏవీ వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే. అందుకే పామును పట్టుకుని చూపించాలని టైమ్ పోగొట్టొద్దు.

7. బీమా

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి 20 రూపాయలు కడితే, ప్రమాదంలో చనిపోయినా, పూర్తిగా వికలాంగుడైనా 2 లక్షలు వస్తాయి. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకు బ్యాంకు ఖాతా ఉంటే చాలు. జూన్ 1 నుంచి మే 31 దాకా వర్తిస్తుంది. మే నెలాఖరులో ఆ 20 రూపాయలు ఖాతాలో లేక బీమా ఆగిపోయేవాళ్లు ఉంటారు, ఆ వారం జీతమిచ్చేటప్పుడు ఒక్కొక్కరినీ అడగండి.