కుక్కది ప్రధాన పాత్రా? అయితే షూటింగ్ ఇలా చేయండి

ఇంటిల్లిపాదీ చూసే హాస్య చిత్రంలో కుక్కది ప్రధాన పాత్ర అయితే ముందు కుక్కను ఎంచుకోండి, మనుషుల సంగతి ఆ తరువాత. సహాయ దర్శకుడిగా నేను ప్రతి నిర్మాత దగ్గరా పట్టుబట్టేది ఈ ఒక్క విషయంలోనే.

ఎంపికకు వచ్చిన కుక్క ఎన్ని విద్యలు చూపించినా తొందరపడకండి. గదిలో దూరంగా ఒక గరిట కింద పడేయండి. కుక్క ఉలిక్కిపడటంలో తప్పు లేదు. వెంటనే తేరుకుని శిక్షకుడి ముఖం వంక చూసిందంటే అది మనకు పనికొస్తుంది. మూలకు చేరి, ఊరికే ఆవలిస్తూ, పెదవులు నాకుకుంటూ ఉంటే దానికి బెదురు పోలేదన్నమాట. ఎంత ముద్దొచ్చినా ఇంటికి పంపేయండి, పాపం దాన్ని కష్టపెట్టవద్దు.

అదే పోలికతో మరో కుక్క కూడా కావాలి. ఒకటి పరుగులు తీస్తే ఇంకొకటి కుదురుగా కూర్చుంటుంది. పిల్ల జంతువులైతే రెండు కూడా చాలవు. 1995లో విడుదలైన ‘బేబ్’లో ఒక్క పంది పిల్ల పాత్రకు 48 పిల్లలను వాడారు. అవి అంత త్వరగా ఎదిగిపోతాయి మరి!

బాలనటులను కుక్క ఎదుటే ఎంపిక చేయండి. డైలాగు గడగడా అప్పజెప్పే పిల్లవాడి కన్నా, కుక్క తనంతట తాను దగ్గరకు వచ్చేదాకా ఓపిగ్గా కూర్చోగలిగే పిల్లవాడు నాకు వెయ్యి రెట్లు ఇష్టం.

షాట్ మొదట్లో కొట్టే క్లాప్ బోర్డు చప్పుడుకు కుక్క చెదిరిపోతుంది. అందుకే షాట్ చివర బోర్డును తలకిందులుగా పట్టుకుని కొట్టించండి, అది అయిపోయిన షాట్‌దని ఎడిటర్‌కు అర్థమవుతుంది. ‘యాక్షన్’, ‘కట్’ అన్న మాటలకు బదులు చేతి సైగలు చాలు. ‘కట్’ వినగానే లేచిపోవడం కుక్కలు ఇట్టే నేర్చేసుకుంటాయి.

నవ్వు పండేదంతా తల పక్కకు వాల్చి చూసే ఆ చూపులోనే. దానికి కావలసింది కుక్క మునుపెన్నడూ వినని చప్పుడు. కెమెరా నడవడం మొదలయ్యాక శిక్షకుడు లెన్సును ఆనుకున్నట్టు నిలబడి కీచుబొమ్మను సన్నగా నొక్కాలి. చెవులు నిక్కుతాయి, నుదుటి చర్మం ముడతపడుతుంది, తల మెల్లగా ఒరుగుతుంది. రెండు మూడు సార్లకే ఆ చప్పుడు పాతబడిపోతుంది. కాబట్టి లైటింగూ ఫోకసూ రెండో కుక్కను కూర్చోబెట్టి సరిచూసుకోండి, అసలు నటుణ్ణి చివర్లో పిలవండి. దొరికిన ఆ చూపును మాడిన కూర షాట్ తరువాత అతికిస్తే అనుమానంలా, తాతగారి పాట తరువాత అతికిస్తే జాలిలా కనిపిస్తుంది. శిక్షకుడి గొంతు రికార్డులో పడుతుంది కనుక మాటలు డబ్బింగులో చెప్పించక తప్పదు.

బహుమతిగా ఇచ్చే మాంసం ముక్క శనగగింజ కన్నా పెద్దది కాకూడదు, కడుపు నిండితే పని మీద ధ్యాస ఉండదు. యూనిట్‌లో ఇంకెవరూ ఏదీ పెట్టకూడదు. చాక్లెట్, ద్రాక్ష, ఉల్లిపాయ కుక్కలకు విషమని మొదటి రోజే అందరికీ చెప్పండి.

ఆరుబయట నేల మీద మీ చేతి వెనుక భాగం ఆనించి చూడండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే అక్కడ కుక్కను నడిపించవద్దు. షాట్ ఆపమనే అధికారం శిక్షకుడికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఆయన ఆపమంటే దర్శకుడు సైతం వాదించకూడదు. అలాంటప్పుడు తీయడానికి మనుషుల క్లోజప్‌లు కొన్ని ఏ రోజుకారోజు షెడ్యూలులో సిద్ధంగా ఉంచుకోండి.