హెచ్‌సీయూ నాకు సరిపోతుందా అని అడిగే పిల్లలకు

మార్చి వచ్చిందంటే మా స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర ఫైనలియర్ పిల్లలు ఒకరిద్దరు తచ్చాడుతూ కనిపిస్తారు. లోపలికి రమ్మంటే వచ్చి, ఫోన్ చూపించి, "మేడమ్, హెచ్‌సీయూ మంచిదేనా?" అంటారు. నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతున్నాను. 2006లో తెలుగు మీడియం డిగ్రీ పట్టుకుని ఇక్కడి నుంచే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వెళ్ళి ఎం.ఏ. చదివాను. అది మంచి యూనివర్సిటీయే, నాకు ఆ విషయంలో సందేహం లేదు. అయితే "మంచిదే" అని నేను చెప్పినంత మాత్రాన మీ పని అయిపోదు. మీకు సరిపోతుందా లేదా అన్నది మీరే తేల్చుకోవాలి. దానికి ఒక నెల పని పడుతుంది.

ముందు ఒక తెల్లకాగితం తీసుకుని, ఎం.ఏ. లేదా ఎమ్మెస్సీ అయిన మర్నాడు మీరు ఏం చేస్తూ ఉండాలనుకుంటున్నారో రాయండి. "బాగా స్థిరపడాలి" అని రాస్తే కుదరదు. జూనియర్ లెక్చరర్ పోస్టా, గ్రూప్స్ రాయడమా, పీహెచ్‌డీయా, జర్నలిజమా, స్పష్టంగా రాయండి. రెండేళ్ళ క్రితం ఒక అబ్బాయి నా ఎదురుగా కూర్చుని "ఎస్సై" అని రాశాడు. అక్కడ సీటు వస్తే వాడికి హాస్టల్ దొరుకుతుంది, లైబ్రరీ దొరుకుతుంది, నిజమే. కానీ వారానికి రెండు వ్యాసాలు చదివి క్లాసులో మాట్లాడమంటారు, సెమిస్టర్‌కి నాలుగైదు పేపర్లు రాయమంటారు. గ్రౌండ్‌లో పరుగు, రీజనింగ్ ప్రాక్టీసు, ఇవన్నీ దాని పక్కన ఎలా నడుస్తాయి? వాడు విశాఖపట్నంలో ఉండి చదువుకున్నాడు. అది వాడికి సరైన నిర్ణయం. అదే ఏడాది ఇంకో అమ్మాయి, మా ఊళ్ళ నుంచి వలస వెళ్ళే వాళ్ళ గురించి పరిశోధన చేస్తానని రాసింది. ఆ అమ్మాయితో మాత్రం మిగతా పనులన్నీ దగ్గరుండి చేయించాను.

రెండో పని సిలబస్. డిపార్ట్‌మెంట్ పేరు చూసి ఆగిపోకండి. డిగ్రీలో మనం చదివిన చరిత్రకీ అక్కడి చరిత్రకీ పేరొకటే గానీ తీరు వేరు. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఒక్కో సెమిస్టర్‌లో ఏ కోర్సులు చెబుతారో ఉంటుంది. మూడో సెమిస్టర్ దాకా చదవండి. ఎందుకంటే మొదటిది ఎక్కడైనా దాదాపు ఒకేలా ఉంటుంది, అసలు రంగు ఆప్షనల్స్‌లో బయటపడుతుంది. తర్వాత అధ్యాపకుల పేజీలు తెరిచి ఎవరు దేనిమీద పని చేస్తున్నారో చూడండి. ఆపైన శోధ్‌గంగ అనే వెబ్‌సైట్ ఉంది, దేశంలోని యూనివర్సిటీల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు అందులో ఉచితంగా దొరుకుతాయి. మీ సబ్జెక్టులో హెచ్‌సీయూ నుంచి వచ్చినవి రెండు దింపుకుని, మొదటి అధ్యాయం మాత్రం చదవండి. చదువుతుంటే "నేనూ ఇలాంటిది అడగాలి" అనిపించిందా, పేజీలు తిప్పేయాలనిపించిందా, అది నాకు చెప్పండి. ఏ ర్యాంకు జాబితా చెప్పలేనిది ఆ గంటలో తెలుస్తుంది.

ఇంటర్ అయిన పిల్లలకు ఒక మాట. అక్కడ అయిదేళ్ళ ఇంటిగ్రేటెడ్ కోర్సులు కూడా ఉన్నాయి. తెలుగులోనూ ఉంది, ఎకనామిక్స్‌లోనూ ఉంది, ఫిజిక్స్‌లోనూ ఉంది. వాటికి కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ యూజీ రాయాలి, ఎం.ఏ., ఎమ్మెస్సీలకు సీయూఈటీ పీజీ.

"మేడమ్, ఇప్పుడది వేరే రాష్ట్రం కదా, మనకి సీటు ఇస్తారా?" అని చాలామంది అడుగుతారు. ఇస్తారు. అది కేంద్రీయ విశ్వవిద్యాలయం, అక్కడ లోకల్, నాన్‌లోకల్ లెక్క లేదు, దేశమంతటికీ ఒకే ప్రవేశం. అసలు ఆ యూనివర్సిటీ పుట్టుకే ఆ తగువులోంచి వచ్చింది. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం తర్వాత 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. అందులో ఒక సూత్రం ప్రకారం రాజ్యాంగంలో 371-ఇ అధికరణ చేర్చి, 1974లో పార్లమెంటు చట్టంతో దీన్ని పెట్టారు. మొదట్లో క్లాసులు ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో జరిగేవి. గచ్చిబౌలికి తర్వాత మారింది. చరిత్ర టీచర్‌ని కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను.

ఇప్పుడు భాష. మన పిల్లలు ఎక్కువ భయపడేదీ, ఎవరూ సరిగ్గా చెప్పనిదీ ఇదే.

క్లాసు ఇంగ్లీషులో ఉంటుంది. పక్కన కేరళ పిల్లలు, బెంగాల్ పిల్లలు, ఒడిశా పిల్లలు ఉంటారు. వాళ్ళలో చాలామందికి మాట తడబడదు. నా మొదటి ఇంటర్నల్‌లో నాకు 20కి 6 వచ్చాయి. విషయం తెలియక కాదు, తెలిసింది ఇంగ్లీషు వాక్యంలో పెట్టలేక. ఆ రాత్రి ట్రంకు పెట్టె సర్దేశాను. ఒడిశా నుంచి వచ్చిన నా రూమ్మేట్, తనకీ ఇంగ్లీషు నాలాగే, పెట్టె మీద కూర్చుని "రెండో పరీక్ష రాసి వెళ్ళు" అంది. మర్నాటి నుంచి ఇద్దరం లైబ్రరీలో ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళం. ఏ వ్యాసం చదివినా తెలుగులో అయిదు వాక్యాలు రాసుకునేదాన్ని: ఈయన ఏమంటున్నాడు, ఎవరితో విభేదిస్తున్నాడు, సాక్ష్యం ఏం చూపిస్తున్నాడు, అది చాలుతుందా, నేనేమంటాను. ఆ అయిదింటినీ ఇంగ్లీషులోకి మార్చడం ఆ తర్వాతి పని. రెండో ఇంటర్నల్‌లో 13 వచ్చాయి. ఈ పద్ధతి ఇప్పటికీ నా క్లాసులో నేర్పుతున్నాను.

అందుకని మీకు ఒక పరీక్ష పెడతాను. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ అనే ఇంగ్లీషు పత్రికలోంచి మీ సబ్జెక్టుకి దగ్గరగా ఉన్న వ్యాసం ఒకటి తీసుకోండి, పదిహేను పేజీలది. నిఘంటువు పెట్టుకునే చదవండి. చదివాక తెలుగులో అయిదు వాక్యాలు, ఇంగ్లీషులో ఒక పేజీ రాయండి. రెండు రోజులు పట్టినా పరవాలేదు, నాకు అప్పట్లో మూడు పట్టింది. ఇంగ్లీషు పేజీలో తప్పులున్నా పరవాలేదు. నేను చూసేది తెలుగు వాక్యాలు. అవి సూటిగా ఉంటే ఇంగ్లీషు ఏడాదిలో వస్తుంది. అవే అయోమయంగా ఉంటే ముందు ఇక్కడే ఇంకో నాలుగు వ్యాసాలు చదువుదాం. తెలుగు వాళ్ళు ఆ క్యాంపస్‌లో పరాయివాళ్ళేం కాదు. తెలుగు శాఖ ఉంది, అనువాద అధ్యయన కేంద్రం ఉంది. ద్రావిడ భాషల మీద ప్రపంచమంతా గౌరవించే పని చేసిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1986 నుంచి 1993 దాకా అక్కడ వైస్ చాన్స్‌లర్‌గా ఉన్నారు.

కాగితం మీద పని అయ్యాక, మీ కళ్ళతో చూసి రండి. ఇది ఖర్చే, నాకు తెలుసు. రానుపోను స్లీపర్ టికెట్టు, రెండు రోజుల తిండి. రెండేళ్ళు తప్పు చోట గడపడం కంటే తక్కువ ఖర్చు. ఆమదాలవలసలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సికింద్రాబాద్‌లో దిగుతారు, అక్కడి నుంచి లింగంపల్లికి ఎంఎంటీఎస్ రైలు. గోదావరి జిల్లాల పిల్లలకు గౌతమి, తిరుపతి వైపు వాళ్ళకి నారాయణాద్రి ఉన్నాయి. నేను 2023లో ఒక అమ్మాయిని తీసుకువెళ్ళినప్పుడు అవి రెండూ లింగంపల్లి దాకానే వస్తున్నాయి. స్టేషన్ నుంచి యూనివర్సిటీ గేటు దగ్గరే, ఆటోలుంటాయి, బస్సులుంటాయి.

సెమిస్టర్ నడుస్తున్న రోజుల్లోనే, సోమవారం నుంచి శుక్రవారం లోపల వెళ్ళండి. సుకూన్ అనే అక్కడి విద్యార్థుల పండగ రోజుల్లో వద్దు. అప్పుడు పాటలు, స్టాళ్ళు, వెలుగులు, ఏ క్యాంపస్ అయినా మనసు లాగేస్తుంది. ముందే మన కాలేజీలో చదివిన సీనియర్ ఎవరైనా అక్కడుంటే ఫోన్ చేసి చెప్పండి. హాస్టల్‌లో అతిథిగా ఉండడానికి అనుమతి కావాలి, అది వాళ్ళ చేతే అడిగించండి.

గేటు దగ్గర దిగాక ఆటో ఎక్కకుండా మీ డిపార్ట్‌మెంట్ దాకా నడవండి. మధ్యాహ్నం ఎండలోనే నడవండి. చాలా పెద్ద క్యాంపస్ అది, బండరాళ్ళు, తుప్పలు, చెరువులు, నెమళ్ళు, జింకలు. నాకు ఆ నడక ప్రాణం. నాతో వచ్చిన ఒక అమ్మాయికి మాత్రం సాయంత్రం ఆరు దాటాక ఆ నిర్మానుష్యం గుండెల్లో గుబులు పుట్టించింది. ఆ గుబులుని చిన్నబుచ్చకండి, రెండేళ్ళు ప్రతి సాయంత్రం దానితోనే ఉండాలి. అలవాటవుతుందా అని అక్కడి అమ్మాయిల్నే అడిగించాను. సైకిల్ కొనుక్కున్నాక మారిందని ఇద్దరు చెప్పారు, లైబ్రరీ నుంచి రాత్రి గుంపుగా వస్తామని ఇంకొకరు చెప్పారు. అది విన్నాక ఆ అమ్మాయి ముఖం తేటపడింది.

క్లాసు చెప్పే సార్‌నో మేడమ్‌నో ముందే అడిగి, ఒక క్లాసులో వెనక కూర్చోండి. పాఠం ఎంత అర్థమైందని కాదు, ఎవరు ప్రశ్నలు అడుగుతున్నారో చూడండి. మనలాంటి కాలేజీల నుంచి వచ్చిన పిల్లలు నోరు విప్పుతున్నారా? విప్పితే మేష్టారు ఆగి వింటున్నారా? ఆ తర్వాత సెకండియర్ వాళ్ళతో టీ తాగండి. "ఎలా ఉంది" అని అడిగితే "బాగుంది" అంటారు, దాంతో ఏమీ తెలియదు. నిన్న రాత్రి ఎన్నింటి దాకా మేలుకున్నావు, ఎందుకు అని అడగండి. చివరిసారి ఏ అధ్యాపకుడి గదికి వెళ్ళావు, ఎంతసేపు మాట్లాడారు? నీ సీనియర్లు అయిదుగురు ఇప్పుడు ఎక్కడున్నారు? చేరిన మొదటి నెల చేతి నుంచి ఎంత పెట్టావు? చదువు మధ్యలో వదిలేసి వెళ్ళిన వాళ్ళెవరైనా ఉన్నారా, ఎందుకు వెళ్ళారు? ఈ చివరి ప్రశ్నకు వాళ్ళు కాస్త ఆలోచించి చెప్తారు. ఆ జవాబు రాసుకుని తెచ్చుకోండి.

రాత్రి మెస్‌లో తినండి, తర్వాత ఇందిరాగాంధీ మెమోరియల్ లైబ్రరీ రీడింగ్ హాల్‌లో గంట కూర్చోండి. చూపు లేని విద్యార్థుల కోసం ఆ లైబ్రరీలో ప్రత్యేక ఏర్పాట్లున్నాయి, అవసరమైన వాళ్ళు ఆ గది కూడా చూసి రండి.

డబ్బు సంగతి. ఎం.ఏ.కి ఫీజు కంటే మెస్ బిల్లే బరువు. నెల నెలా ఎంతవుతోందో అక్కడి పిల్లల్ని అడిగి, దానికి ఫోన్, సబ్బులు, జిరాక్సులు, పండక్కి ఇంటికి రావడం కలిపి, పన్నెండుతో హెచ్చవేయండి. ఇప్పుడొస్తున్న స్కాలర్‌షిప్ రాష్ట్రం దాటాక కూడా వస్తుందా అని కాలేజీ ఆఫీసులోనూ మీ ఊరి సచివాలయంలోనూ ముందే అడగండి. వచ్చినా ఆలస్యంగా వస్తుందనుకునే లెక్క వేసుకోండి. మొదటి మూడు నెలల డబ్బు చేతిలో లేకుండా రైలెక్కవద్దు. నేను ఎక్కాను. అమ్మ చేతి గాజులు కుదువ పెట్టాల్సివచ్చింది.

ఇంట్లో వాళ్ళు. ఒక అమ్మాయి నాన్నగారు వచ్చి, "ఏటి మేడమ్, అక్కడ ఎప్పుడూ గొడవలంట కదా?" అన్నారు. దాచలేదు నేను. అవును, అక్కడ విద్యార్థి సంఘాలున్నాయి, ఎన్నికలుంటాయి, సభలు, పోస్టర్లు, నినాదాలు ఉంటాయి. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల చెట్లు కొట్టేస్తున్నప్పుడు ఆ పిల్లలే అడ్డుపడ్డారు, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ పని ఆపించింది. మీ అమ్మాయి ఏ సభకి వెళ్ళాలో మీ అమ్మాయే నిర్ణయించుకుంటుంది, వెళ్ళకుండా చదువుకునే వాళ్ళూ బోలెడుమంది అని చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "దాన్ని నాతో మాటాడమనండి" అన్నారు. ఆ మాట మీ ఇంట్లో కూడా ఫారం నింపకముందే జరగాలి.

ఫారం దగ్గర మన పిల్లలు ఏటా చేసే తప్పు ఒకటుంది. సీయూఈటీ రాసి స్కోరు రాగానే సీటు దానంతటదే వస్తుందనుకుంటారు. రాదు. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో విడిగా మళ్ళీ దరఖాస్తు పెట్టాలి, దాని గడువు వేరు. కిందటేడు మంచి స్కోరు తెచ్చుకున్న పిల్లాడు ఆ గడువు దాటాక నా దగ్గరికొచ్చి ఏడ్చాడు. ఆ వెబ్‌సైట్ మే నెల నుంచి రోజు విడిచి రోజు చూడండి.

చేరాక సరిపడలేదనిపిస్తే? మొదటి ఇంటర్నల్ మార్కులు చూసి మాత్రం నిర్ణయించవద్దు, రెండోది రాయండి. సీటు వదులుకుంటే ఏ తేదీ లోపల ఫీజు వెనక్కివ్వాలో యూజీసీ ఏటా చెబుతుంది, చేరిన రోజే ఆ తేదీ కనుక్కుని డైరీలో రాసిపెట్టుకోండి. టీసీ, మైగ్రేషన్, మార్కుల జాబితాలు ఇచ్చే ముందు మూడేసి జిరాక్సులు తీసి ఒక సెట్టు ఇంట్లో అమ్మ దగ్గర ఉంచండి, ఇంకోటి నాకివ్వండి. మా స్టాఫ్ రూమ్ బీరువాలో కింది అర మీకోసమే ఖాళీగా ఉంచాను.