ఇంటి దొంగతనం కేసులో మనవాణ్ణి పట్టుకెళ్తే ఏం చేయాలి, లాయర్ చేసే పని ఏంటి

సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చేసరికి తాళం పగిలుంది, బీరువా ఖాళీ అని ఎవరో కంప్లైంట్ ఇస్తారు, కొన్నాళ్ళకి మఫ్టీలో ఇద్దరొచ్చి మీ తమ్ముణ్ణో బావమరిదినో బండెక్కించుకుని పోతారు. ఇంట్లోవాళ్ళు ముందు చేసే పని తెలిసిన లీడర్‌కి ఫోన్ కొట్టడం. కొట్టండి, కాదనను, కానీ దానికన్నా ముందు ఎన్ని గంటలకి, ఎక్కడినుంచి, ఎవరు తీసుకెళ్ళారో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. పక్కన కిరాణా కొట్టు సీసీ కెమెరాలో అది పడుంటే ఆ ఫుటేజ్ ఈరోజే ఫోన్లోకి తీసుకోండి, కొన్ని రోజులైతే దానంతట అదే చెరిగిపోతుంది.

ఎందుకంటే పట్టుకెళ్ళినప్పటి నుంచి 24 గంటల్లో, ప్రయాణం టైమ్ తీసేసి, మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి. కొన్నిచోట్ల ఏం చేస్తారంటే సోమవారం తీసుకెళ్ళి గురువారం పట్టుకున్నట్టు కాగితాల్లో చూపిస్తారు. అలా అనిపిస్తే ఎస్పీకో కమిషనర్‌కో వెంటనే వాట్సాప్, మెయిల్, రిజిస్టర్డ్ పోస్ట్ ఏదో ఒకటి పంపండి, అదే తర్వాత మీ లాయర్ చేతిలో ఆయుధం. అసలు ఎక్కడున్నాడో చెప్పకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ వేస్తారు, అంటే మనిషిని కోర్టు ముందుకి తెచ్చి చూపించమని అడిగే పిటిషన్.

ఇక సెక్షన్ల సంగతి. 2024 జూలై 1 నుంచి జరిగినవాటికి ఐపీసీ 457, 380 కాదు, భారతీయ న్యాయ సంహితలో 331(4), 305 పెడతారు. 305 అంటే ఇంట్లో దొంగతనం, ఏడేళ్ళ దాకా. 331(4) అంటే పొద్దుగూకాక తెల్లారేలోపు దొంగతనానికి ఇల్లు పగలగొట్టి దూరడం, పద్నాలుగేళ్ళ దాకా. అదే పగలైతే 331(3), పదేళ్ళ దాకా. ఇక్కడే లాయర్ మొదటి పని. ఊరెళ్ళినవాళ్ళు మూడ్రోజుల తర్వాత వచ్చి చూశారు, మరి రాత్రే జరిగిందని ఎవరు చూశారు? ఎఫ్ఐఆర్‌లో రాత్రి అని రాస్తే సరిపోదు, ప్రూవ్ చేయాలి. ఒట్టి 305 అయితే, శిక్ష ఏడేళ్ళు దాటదు కాబట్టి, అరెస్ట్ ఎందుకు అవసరమో పోలీసులు కారణాలు రాయాలి, లేకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్పీసీ బదులు వచ్చిన చట్టం) 35(3) కింద నోటీసిచ్చి పంపాలి (పాత 41ఏ నోటీసే ఇది). ఆ నోటీసొస్తే మాత్రం తప్పకుండా వెళ్ళండి, ఎగ్గొడితే అరెస్ట్‌కి మీరే దారి ఇచ్చినట్టు.

స్టేషన్‌లో ఒప్పుకున్నాడంట, ఇంకేముంది అయిపోయింది అని ఏడుస్తుంటారు ఇంట్లోవాళ్ళు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యం కాదు. ఒక్క మినహాయింపు, అతను చెప్పినదాన్నిబట్టి ఏదైనా వస్తువు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించిన మాట వరకే పనికొస్తుంది. ఇది మన గుంటూరు జిల్లా నుంచి ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన కేసులకి ఆఖరి కోర్టు) దాకా వెళ్ళిన పులుకూరి కోటయ్య కేసులోనే తేలింది, ఇప్పటికీ దేశమంతా అదే చెప్తారు. అందుకే ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దని మనవాడికి చెప్పండి, ఇంటరాగేషన్ మధ్యలో లాయర్‌ని కలిసే హక్కుంది అని కూడా. పోలీసులు కొట్టారా అని మెజిస్ట్రేట్ అడిగితే అప్పుడే చెప్పాలి, నెల పోయాక చెప్తే ఎవరూ పట్టించుకోరు.

నన్నడిగితే ఈ కేసుల్లో అసలు యుద్ధమంతా రికవరీ దగ్గరే, అంటే పోయిన సొమ్ము ఇతని దగ్గర దొరికిందని పోలీసులు చూపించే చోట. దొంగతనం కళ్ళారా చూసినవాళ్ళు దాదాపు ఉండరు కదా. మధ్యవర్తుల రిపోర్ట్ (సాక్షుల ముందు రాసే పంచనామా) తీసి చూడండి, చాలావాటిలో ఒకటే కథ, తెల్లవారుజామున బస్టాండ్ దగ్గర అనుమానంగా తిరుగుతుంటే పట్టుకున్నాం, ఇద్దరు మధ్యవర్తుల ముందు నేరం ఒప్పుకుని జేబులోంచి గొలుసు తీసిచ్చాడు అని. మంచి లాయర్ దీన్ని కంప్లైంట్ పక్కన పెట్టి లైన్ లైన్ చదువుతాడు. అక్కడ నాలుగు తులాల నల్లపూసలు అని ఉంటుంది, ఇక్కడ 32 గ్రాముల తాడు అని ఉంటుంది. మధ్యవర్తులు ఎవరు, ఆ వీఆర్వోనే ఆ స్టేషన్ ప్రతి కేసులో సంతకం పెడుతున్నాడా, సీల్ వేశారా, అదే నాగరిక్ సురక్షా సంహితలో 105 ప్రకారం సోదాని, సీజ్‌ని వీడియో తీయాలి, మరి తీశారా, తీస్తే అందులో టైమ్ ఎంత.

మీరు చేయాల్సింది ఏంటంటే లాయర్‌కి సరుకు అందించడం. దొరికిందంటున్న బంగారం మీదే అయితే బిల్లు వెతకండి, బిల్లు లేకపోతే పెళ్ళి ఆల్బంలో అది మెడలో వేసుకున్న ఫోటో చాలా పనికొస్తుంది, ఎందుకంటే దొంగతనం జరిగిన కొద్దిరోజులకే ఆ సొమ్ము ఒకడి దగ్గర దొరికి, ఎలా వచ్చిందో అతను చెప్పలేకపోతే వాడే దొంగో, దొంగసొమ్ము తీసుకున్నవాడో అని కోర్టు అనుకోవచ్చు. వేలిముద్రలు దొరికాయంటే కంగారుపడకండి, మనవాడు ఆ ఇంట్లో వైరింగ్ చేసినవాడో పెయింట్ వేసినవాడో అయితే ముద్రలు ఉండక ఏం చేస్తాయి, ఆ పనికి వచ్చిన ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు తీసివ్వండి. లాయర్ దగ్గర మాత్రం ఏదీ దాచొద్దు.

లాయర్‌కి డబ్బుల్లేవా, 15100కి ఫోన్ చేయండి, లేదా కోర్టు కాంప్లెక్స్‌లో ఉండే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్ళండి. కస్టడీలో ఉన్నవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు.

బెయిల్ ముందు మెజిస్ట్రేట్ కోర్టులో వేస్తారు, అక్కడ కాకపోతే సెషన్స్, తర్వాత హైకోర్టు. సెక్షన్‌ని బట్టి 60 లేదా 90 రోజుల్లో చార్జ్‌షీట్ పడకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది, కానీ చార్జ్‌షీట్ పడకముందే పిటిషన్ వేయాలి, రోజులు లెక్కపెట్టే లాయర్ కావాలి మీకు. ష్యూరిటీలుగా నిలబడేవాళ్ళని, వాళ్ళ ఇంటి పన్ను రసీదులని ముందే రెడీ చేసుకోండి, లేకపోతే ఆర్డర్ వచ్చాక కూడా లోపలే ఉంటాడు.

ఇంకోటుంది, పీటీ వారెంట్. మనవాడు జైల్లో ఉండగానే వేరే స్టేషన్ వాళ్ళు వచ్చి మా దగ్గర జరిగిన కేసులో కూడా ఇతనే అని కోర్టు నుంచి వారెంట్ తెచ్చి రిమాండ్ చూపిస్తారు, పాత దొంగతనాలన్నీ ఒకడి నెత్తిన పడేది ఇలాగే. ఒక కేసులో బెయిల్ వచ్చినంత మాత్రాన బయటికి రాడు, ప్రతి కేసులో విడిగా వేయాలి. కాబట్టి ఫీజు మాట్లాడేటప్పుడే ఇది ఒక్క కేసుకా, పీటీ వారెంట్లు పడితే వాటికీ కలిపా అని అడిగి ఖాయం చేసుకోండి.