పక్షి స్నానం – 4వ పాఠం: తడి ఆకుల మీద పొర్లాట

పోయిన పాఠంలో పంజరంలో నీళ్ల గిన్నె పెట్టి, చెయ్యి పెట్టకుండా మూడు రోజులు చూడమన్నాను కదా. బడ్జీలు పెంచేవాళ్లకు, అంటే మన నల్లగొండలో లవ్ బర్డ్స్ అని అమ్మే చిన్న చిలుకలు ఉన్నవాళ్లకు, ఎక్కువగా కనబడేది ఇదే: పిట్ట గిన్నె అంచు మీదికి వస్తుంది, మెడ వంచి నీళ్లలోకి చూస్తుంది, ఒక కాలు ముంచి వెంటనే తీసేస్తుంది, తర్వాత పక్కనున్న తాగే నీళ్ల డబ్బాలో తల మాత్రం పెట్టి, ఒళ్లంతా తడిసినట్టే రెక్కలు టపటపలాడిస్తుంది. ఒంటి మీద చుక్క కూడా పడదు. నవ్వొస్తుంది, కానీ దానికి స్నానం రాదని మాత్రం అనుకోవద్దు. స్నానం చెయ్యాలనే ఉంది, మనం పెట్టిన గిన్నే దానికి కొత్త.

బడ్జీల సొంత ఊరు ఆస్ట్రేలియాలోని ఎండు నేలలు. అక్కడ అవి గడ్డి మీద, ఆకుల మీద ఉన్న తడికి ఒళ్లు రుద్దుకుని కూడా స్నానం చేస్తాయి. పంజరంలోనే పుట్టిన పిట్టకైనా ఆ అలవాటు పోదు. అందుకే ఈరోజు గిన్నె పక్కన పెట్టి ఆకుతో మొదలుపెడదాం.

కొత్తిమీర కట్టో, పాలకూరో తెచ్చుకోండి. బజారు ఆకుకూర మీద పురుగుమందు ఉండొచ్చు, పిట్ట దాన్ని కొరుకుతుంది కూడా, కాబట్టి కాసేపు నీళ్లలో నానబెట్టి, రెండు మూడు సార్లు బాగా కడగండి. కడిగాక విదిలించొద్దు, నీళ్లు కారుతుండగానే బట్టల క్లిప్పుతో పంజరం ఊచకు, పిట్ట కూర్చునే కర్ర ఎత్తులో తగిలించండి. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు మధ్య మంచిది, చీకటి పడేలోపు రెక్కలు పూర్తిగా ఆరాలి. ఎండాకాలంలో మన ట్యాంకు నల్లా తిప్పగానే వచ్చేవి కాలే నీళ్లు, కొన్ని వదిలేసి చేత్తో చూసుకున్నాకే వాడండి. కూలర్ గాలి నేరుగా పంజరానికి తగలకుండా తిప్పండి.

ఇక చూడటం మొదలుపెట్టండి, అసలు నేర్చుకోవాల్సింది ఇదే. ముందు ఆకు కొన కొరుకుతుంది, అప్పుడు తొందరపడి ఆకును దాని మీదికి జరపకండి. తర్వాత చెంప రుద్దుతుంది, అటు చెంప, ఇటు చెంప. ఆ తర్వాత ఒక్కసారిగా ఆకుల్లోకి దూరి, రెక్కలు సగం విప్పి, పొట్ట ఆనించి పొర్లుతుంది, ఒక్కోసారి తలకిందులుగా వేలాడుతూ కూడా. అదే సమయంలో పక్క కర్ర మీద పొడిగా ఉన్న ఇంకో పిట్ట, ఆకు దగ్గరికే రాకుండా, కూర్చున్న చోటే స్నానం చేస్తున్నట్టు రెక్కలు ఆడించొచ్చు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. ఎదుటిదాన్ని చూసి దానికీ మనసు పుట్టిందన్నమాట, రేపటి ఆకు దాని వైపు తగిలించండి. మా ఇంట్లో నల్లా చప్పుడుకీ, వంటింట్లో తాలింపు చిటపటకీ కూడా ఇవి గోల మొదలుపెడతాయి, వాటి చెవికి అది వాన.

భయం వేరేగా ఉంటుంది. ఈకలు ఒంటికి అతుక్కుని పిట్ట సన్నగా, నిటారుగా అయిపోతుంది, పంజరం చివరి మూలకు పోతుంది, కాకటీల్ (తల మీద కుచ్చు ఉండే చిలుక) అయితే బుస కొడుతుంది. వెంటనే ఆపేయండి. నేను మొదట్లో ఇది తెలియక స్ప్రే బాటిల్‌తో పిట్ట ముఖం మీదే నీళ్లు కొట్టాను, ఆ తర్వాత వారం రోజులు బాటిల్ చూస్తేనే అది బెదిరిపోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. స్నానం మనం చేయించేది కాదు, అది చేసుకునేది.

జీబ్రా ఫించ్‌లకు, అంటే పిచ్చుకలాంటి చిన్న పెంపుడు పిట్టలకు, ఇంత కథ అక్కర్లేదు. మట్టి మూకుడులో వేలెడు కూడా లోతు లేకుండా నీళ్లు పోస్తే చాలు, కాళ్లు జారవు, వాటికవే దిగి చుట్టుపక్కలంతా తడిపేస్తాయి. రామచిలుకను పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కాబట్టి దాని సంగతి ఈ పాఠాల్లో ఉండదు.

స్నానం అయ్యాక కొంచెం వణుకుతుంది, ఉబ్బి బంతిలా కూర్చుంటుంది. పక్కింటి పెద్దమ్మ చూసి "సలి వెడుతున్నది బిడ్డా, తువ్వాలతో తుడువరాదు" అంటుంది. తుడవొద్దు. తోక మొదట్లో ఉన్న చిన్న నూనె గ్రంథి నుంచి ముక్కుతో నూనె తీసి ఈకలకు అదే రాసుకుంటుంది, ఒక్కో ఈకనూ అదే సర్దుకుంటుంది. సబ్బు, షాంపూ, పసుపు నీళ్లు ఏవీ వద్దు. హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు, కొన్నింటి లోపల నాన్‌స్టిక్ పూత ఉంటుంది, అది బాగా వేడెక్కితే వచ్చే వాయువుకు పిట్టలు చచ్చిపోతాయి. ఒళ్లు ఆరిపోయాక కూడా ఉబ్బే ఉండి, కళ్లు మూసుకుని కదలకపోతే మాత్రం పశువైద్యుడికి చూపించండి.

ఈ వారం పని: రోజు విడిచి రోజు ఆకు తగిలించండి. ఎన్ని నిమిషాలకు ముట్టుకుంది, ముందు ముక్కా చెంపా పొట్టా, రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో కాకటీల్‌కు స్ప్రే ఎంత దూరం నుంచి, ఎంత ఎత్తు నుంచి కొట్టాలో చూద్దాం, అప్పుడు ఈ కాగితం కావాలి.