కొండ ఊళ్లలో సెప్టిక్ ట్యాంక్: కింది ఊట పాడవకుండా ఎలా చూసుకోవాలి?

అరకు, అనంతగిరి వైపు ఇల్లు కట్టుకున్నవాళ్లు, హోమ్‌స్టే నడుపుతున్నవాళ్లు ఒక్కసారి మీ ట్యాంక్ దగ్గర నిలబడి కిందికి చూడండి. ఆ వాలులో ఊట ఉందా, గెడ్డ (వాగు) ఉందా, బిందెలతో మనుషులు దిగే దారి ఉందా? కొండ మీద మురుగు రాతి పగుళ్లు పట్టుకుని కిందికి జారిపోతుంది కాబట్టి మన ఇంట్లో వదిలింది కింది వీధివాళ్ల మంచినీళ్లలో కలుస్తుంది. ఇంకా కిందికి వెళ్తే, బొర్రా గుహల్లోంచి పారే గోస్తనీ తాటిపూడి రిజర్వాయర్‌కి చేరుతుంది, అక్కణ్ణుంచి విశాఖకు తాగునీళ్లు వెళ్తాయి.

ముందు మీది నిజంగా ట్యాంకేనా చూసుకోండి. చాలాచోట్ల నాలుగు సిమెంట్ వరలు దింపి, అడుగు మట్టిగానే వదిలేసి, దాన్నే సెప్టిక్ ట్యాంక్ అనేస్తారు. మా ఇంటికీ మేస్త్రీ అలాగే చేసి, పదేళ్లైనా నిండదండీ అన్నాడు. నిండకపోతే అదంతా ఎక్కడికి పోతున్నట్టు? మూత తీసి, కాస్త దూరం జరిగి గాలి పోనిచ్చి, పైనుంచే టార్చ్ వేసి చూడండి. బయటికి పోయే పైపు అంచు దాకా నీళ్లు ఎప్పుడూ ఉండాలి. మట్టం అంతకంటే కిందికి ఉంటే, ఈ మధ్య తోడించి ఉండకపోతే, ట్యాంక్ కారుతోందన్నమాట.

కొత్తగా కట్టిస్తుంటే అడుగు కాంక్రీటు, లోపల గట్టి ప్లాస్టరింగ్, రెండు గదులు అడగండి. ఐదుగురున్న ఇంటికి మీటరున్నర పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, మీటరు నీటి లోతు కనీసం కావాలి. హోమ్‌స్టే అయితే ఇంట్లోవాళ్లను కాదు, డిసెంబరు శనివారం రాత్రి పడుకునేవాళ్లను లెక్కపెట్టండి. అడుగున చేరే మడ్డిని తోడే లారీ పైపు అందే చోటే కట్టించండి.

ట్యాంకులోంచి వచ్చే నీళ్లు చూడ్డానికి తేటగా ఉన్నా క్రిములు అలాగే ఉంటాయి, గెడ్డలోకి వదలకూడదు, ఇంకుడు గుంతలోకో కందకాల్లోకో పంపి నేలలో ఇంకనివ్వాలి. ఇంకుడు గుంతకు, తాగునీటికి మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలని మన ప్రమాణాలు చెబుతాయి, కానీ ఊట సరిగ్గా దిగువనే ఉంటే నేనైతే ఆ దూరాన్ని నమ్మను, పక్కకి జరిపిస్తాను. జాగా ఎంచుకునేముందు చిన్న గొయ్యి తవ్వి, రాత్రంతా నానబెట్టి, మర్నాడు నీళ్లు పోయండి. గంటకు అంగుళం కూడా దిగకపోతే అక్కడ ఇంకదు. పోసినవి పోసినట్టే మాయమైతే కింద పగులుంది, అది ఇంకా ప్రమాదం. కందకాలు తవ్విస్తే వాలుకు అడ్డంగా తవ్వించండి, నిలువుగా వద్దు. పైనుంచి వచ్చే వాన నీళ్లను కాలవ తీసి పక్కకి మళ్లించండి.

ఇక ఏడాదికోసారి కర్ర పరీక్ష. పొడుగాటి సరుగుడు కర్రకు కింద మూడు నాలుగడుగుల మేర పాత తెల్ల తువ్వాలు చుట్టి, తాడుతో బిగించి, అడుగు తగిలేదాకా మెల్లగా దింపండి. కొన్ని నిమిషాలు ఆగి, అంతే మెల్లగా పైకి తీయండి. తువ్వాలు మీద నల్లగా అంటినంత మేర మడ్డి, ఆ పైన తడి మాత్రమే ఉన్నది నీరు. మడ్డి, పైన తెట్టు కలిపి నీటి లోతులో మూడోవంతుకు వచ్చాయంటే లారీని పిలవాల్సిందే. మామూలు ఇంటికి రెండు మూడేళ్లకోసారి వస్తుంది. మా వైపు చలికాలంలో మడ్డి కుళ్లడం నెమ్మదిస్తుంది, టూరిస్టులు వచ్చేదీ అప్పుడే, అందుకే ఫిబ్రవరిలో కొలిచి వానల ముందే తోడించడం మేలు. మూత దగ్గర అగ్గిపుల్ల గీయొద్దు. మనిషిని మాత్రం లోపలికి దింపొద్దు, దయచేసి. ఆ గ్యాస్‌కి ఒకరు పడిపోతే కాపాడబోయిన రెండోవాడూ పోతాడు. రక్షణ పరికరాలు లేకుండా దింపడం, మనుషులతో పాకీపని చేయించడాన్ని నిషేధించే 2013 చట్టం ప్రకారం నేరం కూడా. మడ్డి ఎక్కడ పారబోస్తాడో డ్రైవర్‌ని అడగండి, కాఫీ తోటలోనో గెడ్డలోనో అంటే ఒప్పుకోవద్దు.

ప్యాడ్లు, డైపర్లు, వంట నూనె, బాత్‌రూమ్ యాసిడ్ లోపలికి పోనివ్వకండి. బ్యాక్టీరియా పొడులు కొననక్కర్లేదు.

చివరగా ఊట నీళ్లు. నీళ్లలో మలం కలిసిందో లేదో చెప్పే హెచ్‌టూఎస్ సీసాలు దొరుకుతాయి, పంచాయతీలో అడగండి. గీత దాకా నీళ్లు నింపి, వెచ్చని చోట ఒకట్రెండు రోజులు ఉంచండి. నల్లబడితే, కాచి తాగమని దిగువ ఇళ్లవాళ్లకు ఆ రోజే చెప్పి, వచ్చి మీ ట్యాంక్ మూత తీయండి.