ఇంటి ప్రింటర్‌ను మనమే బాగుచేసుకుందాం – 4వ పాఠం: క్లీనింగ్ కొట్టే ముందు

ఈసారి ‘ప్రింటర్ ఆఫ్‌లైన్’ గొడవ తేల్చేద్దామనుకున్నాను. మూడో పాఠం తర్వాత మీరు రాసినవి చదివాక అది వాయిదా వేయక తప్పలేదు. ముందు నాజిల్ చెక్ (ఏ రంధ్రంలోంచి ఇంకు రావడం లేదో గీతలతో చూపే పరీక్ష కాగితం) తీయండి, అందులో గీతలు తెగి ఉంటేనే హెడ్ (కాగితం మీద ఇంకు చల్లే భాగం) క్లీనింగ్ ఒకసారి కొట్టండి అని ఆ పాఠంలో రాశాను. చాలామంది ‘ముందు’నీ ‘ఉంటేనే’నీ ‘ఒకసారి’నీ వదిలేసి క్లీనింగ్‌ను మాత్రం గట్టిగా పట్టుకున్నారు. ఒకాయన రాత్రంతా కూర్చుని వరసపెట్టి కొట్టారట, తెల్లారేసరికి పసుపు ట్యాంకు కింది గీతకు దిగిపోయింది. ఇంతకీ ఆయన సమస్య నల్ల అక్షరాలు పలచగా రావడం. ప్రింట్ సెట్టింగ్స్‌లో క్వాలిటీ ‘డ్రాఫ్ట్’ మీద ఉంది, అంతే!

క్లీనింగ్ అంటే లోపల గుడ్డపెట్టి తుడవడం అనుకుంటున్నట్టున్నారు. అసలు జరిగేది వేరు. హెడ్ కుడి చివరికి వెళ్లి ఒక రబ్బరు మూత మీద కూర్చుంటుంది. కిందున్న చిన్న పంపు ఆ మూతలోంచి ఇంకును పీలుస్తుంది. రంధ్రంలో ఎండిన ఇంకు ఆ లాగుడుకి ఊడి రావచ్చు, రాకపోవచ్చు. శుభ్రంగా ఉన్న రంధ్రాల్లోంచి మంచి ఇంకు మాత్రం ఖాయంగా పోతుంది. అదంతా ప్రింటర్ అడుగున ఉన్న దళసరి ప్యాడ్‌లోకి చేరుతుంది. ప్యాడ్ ఎంత తాగిందో ప్రింటర్ లెక్క కడుతూ ఉంటుంది. లెక్క నిండిన రోజున ప్రింటింగ్ ఆగిపోతుంది. కానన్ జీ2000, జీ3000 లాంటి మోడళ్ల చిన్న తెర మీద ఇ08 వస్తే ప్యాడ్ నిండబోతోందని, పి07 వస్తే నిండిందని అర్థం. ఆ లెక్కను సున్నా చేసే ‘రీసెట్టర్’ ప్రోగ్రాములు దొరుకుతాయి. ప్యాడ్ మార్చకుండా లెక్క మాత్రం చెరిపేస్తే కొన్నాళ్లకు ఆ ఇంకు మీ టేబుల్ మీదికి కారుతుంది. మార్పించాకే రీసెట్ చేయించండి.

ఇంకో మాట. “జిరాక్స్ తీసి చూశాను, మచ్చ వస్తోంది, క్లీనింగ్ చేసినా పోవడం లేదు” అని కొందరు రాశారు. జిరాక్స్ తీసి హెడ్‌ను పరీక్షించకూడదు. ప్రతి కాపీలో అదే చోట మచ్చ ఉండి, కంప్యూటర్ నుంచి తీసిన ప్రింటు బాగుంటే, తుడవాల్సింది స్కానర్ అద్దం.

ఇక అసలు పాఠం. నాజిల్ చెక్ కాగితాన్ని చాలామంది ‘బాగుంది’, ‘బాగాలేదు’ అని చూసి పారేస్తున్నారు. పారేయకండి. పది నిమిషాల తేడాతో రెండు తీసి పక్కపక్కన పెట్టండి. రెండింట్లోనూ తెగింది ఒకే చోటైతే ఆ రంధ్రంలో ఇంకు ఎండింది. మొదటి కాగితంలో నీలం పైన తెగి, రెండోదాంట్లో నీలం కింద తెగితే అది ఎండిన ఇంకు కాదు, ఎండింది అలా చోటు మారదు. లోపలికి గాలి వెళ్లింది, లేదా ఇంకు సరిగా అందడం లేదు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, వైద్యం మాత్రం పూర్తిగా వేరు.

ఎండితే: క్లీనింగ్ ఒకసారి, మళ్లీ నాజిల్ చెక్. తగ్గకపోతే రెండోసారి, మళ్లీ చెక్. మూడోదానికీ లొంగకపోతే ఆపండి. ప్రింటర్‌ను దాని బటన్‌తో ఆఫ్ చేసి కనీసం 12 గంటలు వదిలేయండి. ఎప్సన్ ట్యాంక్ ప్రింటర్లకు కంపెనీ మాన్యువల్ చెప్పేదీ ఇదే. ఆ విరామంలో గట్టిపడిన ఇంకు నానుతుంది, మర్నాడు ఒక్క క్లీనింగ్‌తో వదలడం మామూలే. అప్పటికీ రాకపోతేనే పవర్ క్లీనింగ్, అంటే గొట్టాల్లో ఉన్న ఇంకునంతా లాగేసే పెద్ద క్లీనింగ్. దానికి ప్రతి ట్యాంకులో కనీసం మూడో వంతు ఇంకు ఉండాలి. తక్కువ ఉండగా చేస్తే గాలిని లాగి ఉన్న సమస్యను రెండు చేస్తుంది. అది చేశాక కూడా తగ్గకపోతే మళ్లీ 12 గంటలు ఆగాల్సిందే.

గాలి అయితే: క్లీనింగ్ వద్దు. ముందు ట్యాంకులు కంటితో చూడండి. ఎప్సన్ ఎల్3110 లాంటి వాటిలో ఎంత ఇంకు ఉందో చెప్పే సెన్సర్ లేదు, కంప్యూటర్ ఏమీ హెచ్చరించదు. ఇంకు కింది గీత కన్నా దిగి ఉంటే నింపండి. ఈమధ్య ఇల్లు మారి ప్రింటర్‌ను ఆటోలో పక్కకు వంచి తెచ్చి ఉంటే కారణం అదే కావచ్చు. కొన్ని ట్యాంక్ మోడళ్లకు రవాణాలో మూసే చిన్న వాల్వ్ ఉంటుంది, అది తిరిగి తెరిచారో లేదో చూడండి. తర్వాత ఒక రాత్రి ముట్టుకోకుండా ఉంచి, పొద్దున నాజిల్ చెక్ తీయండి.

ఎంత తెగితే క్లీనింగ్ కొట్టాలి? ఎల్3110లో నలుపుకు 180 రంధ్రాలు, మిగతా ఒక్కో రంగుకు 59. నలుపులో ఒకటి అరా పోయినా మామూలు అక్షరాల్లో కనిపించదు. పసుపులో రెండు ముక్కలు తెగితే నేనైతే పట్టించుకోను, నేను ఫోటోలు ప్రింట్ తీయను. మీరు తీస్తే పట్టించుకోండి. తెలుగు ఎక్కువగా ప్రింట్ చేసేవాళ్లు నలుపు విషయంలో కాస్త కటువుగా ఉండాలి. చిన్న సైజులో అక్షరం అడుగు మీదుగా ఒక తెల్లగీత పోతే ‘ధ’ కాస్తా ‘ద’ అయిపోతుంది.

హెచ్‌పీ 803, కానన్ 745 లాంటి కార్ట్రిడ్జ్‌లు వాడేవాళ్లకు ఇంత తంటా లేదు. వాటిలో హెడ్ కార్ట్రిడ్జ్‌కే ఉంటుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ (యాసిడ్ కాదు, సీసా మీద చదవండి) గోరువెచ్చగా చేసి, నూలు రాలని గుడ్డ తడిపి, అడుగుభాగాన్ని దాని మీద ఒక నిమిషం ఆనించండి. రుద్దకండి. రాగి రంగు కాంటాక్టులను వేలితో ముట్టుకోకండి. శానిటైజర్, అద్దాలు తుడిచే మందు, మరిగే నీళ్లు దేనికీ వద్దు.

అర్జెంటుగా హాల్ టికెట్ తీయాలి, నలుపు రావడం లేదు, 12 గంటలు ఆగే తీరిక లేదు. అప్పుడు ఫైల్ వర్డ్‌లో ఉంటే అక్షరాలన్నిటికీ ముదురు నీలం పెట్టి తీసేయండి. పీడీఎఫ్ అయితే వీధి చివర జిరాక్స్ షాపుకు వెళ్లండి. అహం అడ్డురాకూడదు.

ఇప్పుడు నాకు బాగా ఒళ్లు మండే విషయం. ‘హెడ్ తరచూ ఎండిపోతోంది’ అని రాసినవాళ్లను ప్రింటర్ ఎలా ఆఫ్ చేస్తారని అడిగాను. జవాబు దాదాపు ఒకటే: గోడ మీద స్విచ్.

ప్రింటర్ మీదున్న బటన్ నొక్కితే వెంటనే ఆరిపోదు, గమనించారా? లోపల చిన్న చప్పుడు, హెడ్ కుడివైపుకు కదలడం, లైటు మినుకుమినుకుమనడం. ఆ కొద్ది సెకన్లలో హెడ్ రబ్బరు మూత మీదికి చేరుతుంది. లైటు పూర్తిగా ఆరిందంటే మూత పడిందని. పని మధ్యలో గోడ స్విచ్ కట్టేస్తే హెడ్ ఎక్కడుందో అక్కడే నోరు తెరుచుకుని ఉండిపోతుంది. ఎండాకాలం, పైన ఫ్యాను, వారం రోజులు ఊరు. ఇక ఇంకు ఎండక ఏం చేస్తుంది? పైగా కరెంటు అలా పోయొచ్చిన ప్రతిసారీ కొన్ని మోడళ్లు తమంతట తామే క్లీనింగ్ చేసుకుంటాయి, అంటే మళ్లీ ఇంకు ప్యాడ్‌లోకి.

కరెంటు బిల్లు అంటారు. స్టాండ్‌బైలో రెండు వాట్లు అనుకున్నా నెలంతా వదిలేస్తే ఒకటిన్నర యూనిట్ లోపే. బటన్‌తో ఆఫ్ చేస్తే అదీ దాదాపు ఉండదు.

గోడ స్విచ్ మీరే కట్టేయనక్కర్లేదు. టీవీ, రౌటర్, ప్రింటర్ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఉంటే టీవీ చూసినవాళ్లు కట్టేస్తారు. ఊరెళ్లేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు బోర్డు మీద స్విచ్‌లన్నీ వరసగా దించుతారు. ఇల్లు తుడిచే మనిషి ప్లగ్ పీకి మళ్లీ పెడుతుంది. ఉరుములు మెరుపులని పిల్లలు ఆపేస్తారు. ఎవరినీ తప్పుపట్టలేం, వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ప్రింటర్‌కు విడి సాకెట్ ఇవ్వండి, పైన ‘ముందు బటన్, తర్వాత స్విచ్’ అని తెలుగులో రాసి అంటించండి. ప్రింటు మధ్యలో కరెంటు పోతే, వచ్చాక ఆన్ చేసి, చప్పుళ్లు ఆగేదాకా చూసి, బటన్‌తో ఆఫ్ చేయండి.

మిగతావి త్వరగా: నిలువు గీతలు జంటగా కనిపిస్తే, పట్టికల గళ్లు అతకకపోతే అలైన్‌మెంట్ (గీతలు సరిగ్గా అతికేలా హెడ్‌ను సరిచేసే సెట్టింగ్) చేయండి, క్లీనింగ్ కాదు. అక్షరాలు చుట్టూ పాకితే ఇంకును కాదు, తేమ పట్టిన కాగితాన్ని అనుమానించండి. వానాకాలంలో కట్ట విప్పి వదిలేస్తే ఇంతే. వాడగా మిగిలింది జిప్ కవర్లో పెట్టండి.

అభ్యాసం. రెండు వారాలపాటు క్లీనింగ్ బటన్ ముట్టుకోవద్దు. మూడు రోజులకొకసారి ఒకే వేళకు నాజిల్ చెక్ ఒకటి తీసి, కాగితం మీద తేదీ, క్రితంసారి ప్రింటర్ ఎలా ఆఫ్ అయింది, తెగిన చోట్లు (సున్నా చుట్టి) గుర్తుపెట్టండి. అదే కాగితం వెనక నల్ల అక్షరాల్లో 10 సైజులో ‘ధ ఢ థ ఘ’ ఒక వరస తీయండి. చివర్లో కాగితాలన్నీ తేదీల వారీగా పరిచి, ప్రతి సున్నా పక్కన ‘ఎండింది’ లేదా ‘గాలి’ అని మీరే రాయండి. ఏదీ తెగనివాళ్లు కూడా తీయాలి.

వచ్చే పాఠం ‘ఆఫ్‌లైన్’ గురించి. వచ్చేలోగా ప్రింటర్ నుంచి నెట్‌వర్క్ స్టేటస్ షీట్ ఒకటి ప్రింట్ చేసి, దాని మీదున్న ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ప్రింటర్ చిరునామా, చుక్కలతో విడదీసిన అంకెలు) కింద ఎర్రసిరాతో గీత గీసి దగ్గర పెట్టుకోండి.